జాకెట్టు తర్వాత, ముందు దిండు గలీబు కుట్టండి

కుట్టు నేర్చుకుందామని అనుకోగానే మనలో చాలామంది నేరుగా జాకెట్టు మీద పడతారు. ఎందుకో అందరికీ తెలుసు, కుట్టుకూలి ఏడాదికేడాది పెరిగిపోతోంది, పైగా పండగ ముందు టైలర్ చుట్టూ తిరగాలి. కానీ కొత్తగా నేర్చుకునేవాళ్లకి జాకెట్టంత కష్టమైంది ఇంకోటి లేదు. చంక రౌండు, డాట్లు, మెడ, హుక్కుల పట్టీ, ముడతలు రాకుండా చేతులు అతకడం, ఇవన్నీ వంపులతో పని, పావు అంగుళం తేడా వచ్చినా ఒంటి మీద ఇట్టే తెలిసిపోతుంది. అందుకే ఎన్నో ఇళ్లలో సగం కుట్టిన జాకెట్టు ముక్కలు కవర్లో చుట్టి బీరువా అడుగున ఉంటాయి, మిషన్ మీదేమో ఇస్త్రీకి వెళ్లాల్సిన బట్టలు ఉంటాయి. మనసుకి కాస్త తెరిపి కోసం కుట్టు మొదలుపెట్టేవాళ్లయితే నా మాట వినండి, మొదట్లో తిన్నటి గీత తప్ప ఇంకేమీ కుట్టకండి. దిండు గలీబు, కూరగాయల సంచి, పసిపిల్లల బొంత. మూడూ నాలుగు మూలల వస్తువులే, ఫిట్టింగ్ బాలేదని దిండు ఎవరికీ చెప్పదు.

కుడితే టెన్షన్ తగ్గుతుందంటే నవ్వేవాళ్లుంటారు. ఇందులో మాయ ఏమీ లేదు. కన్ను, చెయ్యి రెండూ ఒకేచోట ఉండాలి, సూది మొన వేలికి దగ్గరగా ఉంటుంది కాబట్టి ఆఫీసులో ఎవరో అన్న మాటని పదిసార్లు తిప్పితిప్పి ఆలోచించడానికి వీలుండదు, ఆలోచన వచ్చినా రెండు కుట్లలో మళ్లీ బట్ట మీదకే వచ్చేస్తాం. ఇంటిపనిలో చాలాభాగం చేసినట్టే కనపడదు, గిన్నెలు తోమితే సాయంత్రానికి మళ్లీ అవే గిన్నెలు. కుట్టు అలా కాదు, కూర్చున్న కాసేపట్లో జానెడు దూరం కుట్టామంటే అది అక్కడే ఉంటుంది, రేపు అక్కణ్ణుంచే మొదలు. అయితే ఇదేమీ మందు కాదు, రోజుల తరబడి నిద్ర పట్టనంత దిగులుంటే డాక్టర్ దగ్గరకే వెళ్లాలి. ఇంకో మాట కూడా చెప్పాలి, మిషన్ దగ్గర మొదటి వారం ప్రశాంతత దొరకదు, చిరాకే దొరుకుతుంది. అందుకని చేతికుట్టుతో మొదలుపెట్టండి.

ఇంట్లో పాత గళ్ల లుంగీ ఉంటే తీయండి. గీతలు గీసుకోనక్కర్లేదు, గళ్లే గీతలు. చేతి సూదుల ప్యాకెట్లో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, మధ్యరకం 7 లేదా 8 తీసుకోండి (మిషన్ సూదికి ఇది తలకిందులు, అక్కడ నంబరు పెరిగితే సూది లావు, ఎవరు పెట్టారో గానీ). దారం మూరెడు చాలు. మాటిమాటికీ ఎక్కించడం ఎందుకని బారెడు దారం తీసుకుంటే అది మెలితిరిగి ముడిపడి, విప్పుకునేసరికి ఉన్న ఓపికంతా పోతుంది. దారం కొసని కత్తెరతో ఏటవాలుగా కత్తిరిస్తే సూది కన్నంలోకి సులువుగా దూరుతుంది.

మొదట నేర్చుకోవాల్సింది పరుగు కుట్టు. సూది పైకి, కిందికి, పైకి, కిందికి, అంతే. ఒక్కో కుట్టూ విడిగా లాగకుండా నాలుగైదు కుట్లు సూది మీదకి ఎక్కించి ఒకేసారి దారం లాగండి, లాగాక ఎడమచేతి బొటనవేలి గోరుతో కుట్టు వెంబడి ఒత్తండి. బట్ట ముడత పడితే ఆ ఒత్తుడికి సాఫవుతుంది, దారం ఎక్కడ బిగిసిందో కూడా వేలికే తెలిసిపోతుంది. అంగుళానికి ఐదారు కుట్లు పడితే బాగున్నట్టే. మొదటి వరస వంకరటింకరగా వస్తుంది, రానివ్వండి. లుంగీ ఆ చివర నుంచి ఈ చివర దాకా ఇలా కొన్ని వరసలు కుడితే కుట్ల నిడివి దానంతటదే ఒక కొలతకి వచ్చేస్తుంది, చెయ్యి ఒక లయ పట్టుకుంటుంది, ఊపిరి కూడా నెమ్మదిస్తుంది. నన్నడిగితే కుట్టులో ప్రశాంతత అనేది ఉంటే ఇదిగో ఈ లుంగీ గళ్ల మీదే ఉంది, వేల రూపాయల మిషన్‌లో లేదు.

తర్వాత వెనక కుట్టు. ఒక కుట్టు వెనక్కి వేసి రెండు కుట్లంత ముందుకి సూది తీయడం. గట్టిగా ఉంటుంది, మిషన్ లేకపోయినా గలీబు పక్కలు దీంతో కుట్టేసుకోవచ్చు. హెమ్మింగ్, అంటే అంచు మడిచి కుట్టడం, దాని సంగతి వేరే చెప్పక్కర్లేదు, చీరకి ఫాల్ కుట్టేవాళ్లని గమనిస్తే చాలు.

ఇక మిషన్. యంత్రాల మీద అన్ని అనుమానాలున్న గాంధీగారు కూడా 1924లో సింగర్ కుట్టు మిషన్‌కి మినహాయింపు ఇచ్చారు, మనుషులు కనిపెట్టిన కొద్దిపాటి పనికొచ్చే వస్తువుల్లో అదొకటని. అమ్మ కాలం నాటి నల్ల మిషన్ ఇంట్లో ఉంటే కొత్తది కొనకండి, దుమ్ము దులిపి, పాత దారప్పోగులు తీసి, నూనె చుక్కలు వేసి, బెల్టు వదులైతే మార్పించండి. మొదట దారం ఎక్కించకుండా ఉత్తినే తొక్కండి. చక్రం ఎప్పుడూ మీ వైపుకే తిరగాలి, అవతలివైపు తిరిగితే దారం తెగుతుంది. కాలికి అలవాటయ్యాక రూళ్ల కాగితం పెట్టి, దారం లేకుండానే గీతల మీద కుట్టండి, చిల్లులు గీత మీద పడుతున్నాయో లేదో చూసుకోండి. కాగితానికి పాత సూదే వాడండి, కాగితంతో సూది మొద్దుబారుతుంది.

కొత్తవాళ్లని ఏడిపించేది బట్ట కింద దారం ఉండలు కట్టడం. ఉండ కింద కనపడుతోంది కాబట్టి తప్పు బాబిన్‌దే (కింది దారం చుట్టే చిన్న కండెది) అనుకుని దాన్ని తీసి పెట్టి, పెట్టి తీసి విసిగిపోతారు. చాలాసార్లు తప్పు పైదారంది. ఫుట్ (బట్టని నొక్కిపట్టే పాదం) దించి దారం ఎక్కిస్తే అది టెన్షన్ బిళ్లల (పైదారాన్ని బిగువుగా పట్టి ఉంచే రెండు బిళ్లల) మధ్య సరిగ్గా కూర్చోదు, పట్టు లేక కిందికి వదులుగా జారుతుంది. కాబట్టి ఫుట్ పైకెత్తి, పైదారం మొత్తం తీసేసి మళ్లీ మొదట్నుంచి ఎక్కించండి. మొదలుపెట్టేటప్పుడు రెండు దారాల కొసలూ వెనక్కి లాగి, మొదటి రెండు మూడు కుట్లు పడేదాకా వేలితో పట్టుకోండి. అయినా కుట్టు తప్పుతుంటే సూది చూడండి. పాత సూది తీసేముందే దాని చదును వైపు ఎటుందో గుర్తుపెట్టుకుని కొత్తదీ అలాగే బిగించాలి, సూదికి పొడవాటి గాడి ఏ వైపుంటే ఆ వైపు నుంచే దారం ఎక్కించాలి. మామూలు కాటన్‌కి 14 నంబరు, జీన్స్ లాంటి మందం బట్టకి 16.

ఇప్పుడు గలీబు. మెత్తబడిన పాత కాటన్ చీర ఉంటే అంతకంటే మంచి బట్ట లేదు. ముందు వెలుతురుకి ఎత్తిపట్టి చూడండి, పోగులు పలచబడిన చోట్లు వదిలేయండి. కొత్త బట్టయితే ఒకసారి నీళ్లలో జాడించి ఆరేసి ఇస్త్రీ చేశాకే కత్తిరించాలి, లేకపోతే మొదటి ఉతుకులోనే కురచబడి దిండు పట్టదు. దిండు 17 అంగుళాల వెడల్పు, 27 అంగుళాల పొడవు ఉందనుకుందాం (మీది కొలుచుకోండి, అన్ని దిండ్లూ ఒకలా ఉండవు). కావాల్సింది 62 అంగుళాల పొడవు, 18½ అంగుళాల వెడల్పున్న ఒకే ముక్క. ముందువైపు 27, వెనకవైపు 27, దిండు బయటికి రాకుండా లోపలికి మడిచే నాలుకకి 6, రెండు చివర్లా మడతకి ఒక్కో అంగుళం. చీర పన్నా (అడ్డం వెడల్పు) సుమారు 45 అంగుళాలు ఉంటుంది కాబట్టి చీర పొడుగున 62 అంగుళాలు కత్తిరిస్తే పక్కపక్కన రెండు గలీబులు వచ్చి, మధ్యలో 8 అంగుళాల పట్టీ మిగులుతుంది. పారేయకండి, సంచికి కావాలి.

ముందు రెండు పొట్టి చివర్లనీ పావు అంగుళం ఒకసారి, ముప్పావు అంగుళం ఇంకోసారి మడిచి కుట్టేయండి. తర్వాత బట్ట సీదా వైపు (బయటికి కనపడాల్సిన వైపు) పైకి ఉండేలా నేల మీద పరవండి. ఒక చివర పట్టుకుని 27 అంగుళాలు మడవండి, సీదా మీద సీదా పడాలి. అవతల 6 అంగుళాల నాలుక మిగిలిపోయి కనిపిస్తుంది కదా, దాన్ని తీసుకొచ్చి ఈ మడత మీద కప్పండి. మొదట వెనకభాగం మడవాలి, దాని మీద నాలుక, ఈ వరస మారకూడదు, మారితే తిప్పాక నాలుక బయటికొస్తుంది. గుండుసూదులు గుచ్చి, రెండు పొడుగు పక్కలూ అర అంగుళం వదిలి కుట్టండి. మొదట్లో, చివర్లో, నాలుక మీదకి ఎక్కే చోట వెనక్కి ముందుకి రెండుసార్లు తొక్కితే కుట్టు ఊడదు. గుండుసూది మీదుగా మిషన్ తొక్కకండి, దగ్గరికి రాగానే తీసేయండి. చీర అంచు ఉన్న వైపు పోగులు ఊడవు, రెండో వైపు ఊడతాయి, అక్కడ ఇంకో కుట్టు దగ్గరగా వేయండి, లేదా వీధి చివర టైలర్ దగ్గర ఓవర్‌లాక్ చేయించండి. మూలలు ఏటవాలుగా కాస్త కత్తిరించి, కుట్టు తెగకుండా చూసుకుని, తిప్పి ఇస్త్రీ చేస్తే గలీబు అయిపోయింది. బటన్ లేదు, జిప్పు లేదు. ఇస్త్రీ మాత్రం ఎగ్గొట్టకండి, ఇంట్లో కుట్టినదానికీ షాపులో కొన్నదానికీ మధ్య కనిపించే తేడాలో సగం ఇస్త్రీదే.

సంచికి కాస్త మందం బట్ట కావాలి, పాత కర్టెన్ బాగుంటుంది. 16 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల పొడవు ముక్క తీసుకోండి, మధ్యకి మడిస్తే అడుగున కుట్టే ఉండదు, బరువుకి ఊడుతుందన్న భయమూ ఉండదు. మిగిలిన 8 అంగుళాల పట్టీని నిలువునా రెండుగా చీల్చి, ఒక్కోదాన్ని 24 అంగుళాలకి కత్తిరించి, నాలుగు పొరలుగా మడిచి రెండు పక్కలా కుడితే అంగుళం వెడల్పు కాడలు తయారు. చాలామంది సంచి పక్కలు కుట్టేశాక కాడలు అతకబోతారు, అప్పుడు గొట్టంలా ఉన్న బట్టని మిషన్ కింద తిప్పలేక అవస్థ. బట్ట పరిచి ఉన్నప్పుడే రెండు చివర్లా అంగుళంన్నర మడిచి కుట్టి, పక్కల నుంచి నాలుగున్నర అంగుళాల దూరంలో కాడ కొసలు పెట్టి, చతురస్రం కుట్టి దాని మధ్యలో అడ్డంగా ఇంటూ గుర్తు కుట్టండి. మందం ఎక్కువున్న చోట తొక్కకుండా చక్రాన్ని చేత్తో తిప్పితే సూది విరగదు. తర్వాత సీదా లోపలికి మడిచి పక్కలు కుట్టడమే. అడుగు మూలని చిటికెతో పట్టుకుని, పక్క కుట్టు సరిగ్గా అడుగు మడత మీదకి వచ్చేలా చదును చేస్తే త్రికోణం వస్తుంది, దానికి అడ్డంగా 3 అంగుళాల గీత కుట్టండి. రెండో మూలా అంతే. తిప్పాక సంచి నిలబడుతుంది, రైతుబజార్‌లో అడుగున బంగాళాదుంపలు పోయించుకుని పైన టమాటాలు వేసుకోవచ్చు.

బొంత మాత్రం చేత్తోనే కుట్టండి. పాత చీరల్ని పొరలుగా పేర్చి పరుగు కుట్టుతో కలపడం మన పల్లెల్లో మధ్యాహ్నం పూట ఆడవాళ్ల పని, ఒకరు మొదలుపెడితే పక్కింటివాళ్లు వచ్చి ఇంకో మూల పట్టుకునేవారు. బెంగాల్లో దీన్నే కాంతా అంటారు, కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీ స్త్రీలు నాలుగు మూలలా మడిచిన త్రికోణపు రంగు ముక్కలు కుట్టి బొంత ముగిస్తారు. పసిపిల్లల బొంతకి ఒక్క చీర చాలు. ఐదున్నర మీటర్ల చీరని 36 అంగుళాల ముక్కలు చేస్తే ఆరొస్తాయి, నాలుగు బొంతకి, రెండు పక్కకి. అన్నిటికంటే మెత్తటివి రెండూ పైనా కిందా పెట్టండి, జరీ ఉంటే పిల్లల ఒంటికి గీసుకుంటుంది కాబట్టి తీసేయండి. నేల మీద పరిచి, మధ్య నుంచి బయటికి చేత్తో నిమురుతూ ముడతలు తీసి, జానెడు దూరానికొకటి చొప్పున పెద్ద పెద్ద టాకాలు వేయండి, ఇవి తర్వాత లాగేసేవే. అంచులు లోపలికి మడిచి కుట్టాక, ఒక మూల నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ, వరసకీ వరసకీ రెండు వేళ్ల ఎడం ఇస్తూ లోపలికి రండి. దారం కాస్త లావు కాటన్‌ది, సూది పొడవుది కావాలి. దబ్బనం వద్దు, చిల్లులు మిగులుతాయి.

దీన్ని వారంలో పూర్తి చేయాలని పట్టుబడితే బొంత కూడా ఒక డెడ్‌లైన్ అయి కూర్చుంటుంది. కిటికీ పక్కన పగటి వెలుతురులో, ఫోను వేరే గదిలో పెట్టి, మెడ లాగేలోపే లేచేయండి. మొదటి ఉతుకు బకెట్లో చల్లనీళ్లతో విడిగా చేయండి, రంగు దిగే ముక్క ఏదైనా ఉంటే అప్పుడే తెలుస్తుంది. తడిసిన బొంత బరువుగా ఉంటుంది కాబట్టి ఒక దండెం మీద వేలాడదీయకుండా రెండు దండేల మీద పరిచి ఆరేయండి, లేకపోతే పొరలు కిందికి జారి కుట్లు లాగేస్తాయి.