పాత ట్రాక్టరు ఇంజను పార్టు ఏ బండిదో తేల్చడం ఎట్లా

తుక్కు దుకాణంలో పిస్టనో, లైనరో చేతికి రాగానే అందరూ అడిగేది "బోరెంత?" (సిలిండరు లోపలి వెడల్పు ఎంత) అని. బోరు ఒక్కటే చూసి కొంటే డబ్బు పోతుంది. 88.9 మి.మీ. బోరునే తీసుకోండి, అంటే మూడున్నర అంగుళాలు. పెర్కిన్స్ 3.144 మూడు సిలిండర్ల ఇంజనుకూ అదే బోరు, ఇంటర్నేషనల్ బి-414 ట్రాక్టరులోని బీడీ-154 ఇంజనుకూ అదే, మహీంద్రా 265 డీఐకీ అదే. స్ట్రోకులు (పిస్టన్ కిందికీ పైకీ తిరిగే దూరం) మాత్రం వరుసగా 127, 101.6, 110 మి.మీ. కొలత కలిసింది కదా అని ఒకదాని పిస్టను ఇంకోదాంట్లో దింపితే పిన్ (పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్డుకు కలిపే కడ్డీ) దగ్గరో, హెడ్డు కిందో తేడా కొడుతుంది.

ఇక పేర్లతో వచ్చే చిక్కు వేరే. మన దిక్కు "275" అంటే రెండు బండ్లు. పాత మహీంద్రా బి-275లో ఉన్నది ఇంటర్నేషనల్ వాళ్ల బీడీ-144, నాలుగు సిలిండర్లు, బోరు 85.7, స్ట్రోకు 101.6. తర్వాత వచ్చిన 275 డీఐకి మూడే సిలిండర్లు. మాస్సీ 35 కూడా ఇంతే. 1950ల చివరి బండ్లకు స్టాండర్డ్ 23సీ అనే నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజను (బోరు 84.14, స్ట్రోకు 101.6), ఆ తర్వాతి వాటికి పెర్కిన్స్ 3.152 (బోరు 91.44, స్ట్రోకు 127). కాబట్టి "మాస్సీ 35ది" అన్న మాటతో పని జరగదు, ఏ ఇంజనుదో తేలాలి. రంగునైతే అసలే నమ్మొద్దు. అది ఎన్నిసార్లు మారిందో ఎవరికీ తెలియదు.

ముందు పార్టును డీజిల్‌తో కడిగి, ఇత్తడి బ్రష్షుతో రుద్దండి. గ్రైండరు పెడితే నంబరు పోతుంది, ఆధారం పోతుంది. బ్లాకు, హెడ్డు మీద రెండు రకాల నంబర్లుంటాయి. ఉబ్బెత్తుగా ఉన్నది పోతలో వచ్చింది. లోపలికి గుద్దినది మిషనింగ్ అయ్యాక వేసిన సీరియల్ నంబరో, పార్టు నంబరో. ఒకే పోతను రెండు మోడళ్లకు వేర్వేరుగా మిషనింగ్ చేయడం ఉంది కనుక, ఉబ్బెత్తు నంబరు కుటుంబాన్ని చెబుతుంది గానీ మోడల్‌ను ఖాయం చేయదు. అరిగిన అంకెల మీద సుద్దముక్క రాసి పైపైన తుడవండి, గుంటల్లో సుద్ద నిలిచి అంకె కనబడుతుంది. టార్చి పక్కనుంచి వేసి ఫోటో తీసినా సరే.

పెర్కిన్స్ పేరులోనే లెక్క ఉంది. 3.152 అంటే మూడు సిలిండర్లు, 152 ఘనపు అంగుళాలు. చెన్నైలో సింప్సన్ కంపెనీ పెర్కిన్స్ లైసెన్సుతో ఇంజన్లు చేసింది, అవి జెనరేటర్లు, కంప్రెసర్ల మీద కూడా నడిచాయి. అక్కడినుంచి ఊడిన పిస్టన్, కనెక్టింగ్ రాడ్డు పనికి రావచ్చు, చాంబరు (ఇంజను అడుగున ఆయిల్ ఉండే తొట్టి) మాత్రం రాదు. మాస్సీలో ఇంజనే బండికి నడుము. ముందు యాక్సిలు బరువును మోసే పోత చాంబరు దానికి కావాలి. జెనరేటరుది పలుచని రేకు. క్రాంకు వెనక ఫ్లైవీలు బోల్టుల వరుసను కూడా పోల్చి చూడాలి.

ఫోర్డు పోత నంబరు చదవడం తేలిక. మొదటి అక్షరం దశాబ్దం (సీ అంటే 1960లు, డీ అంటే 1970లు), తర్వాతి అంకె ఏడాది, మూడో అక్షరం ఎన్ అయితే ట్రాక్టరుది. మధ్యలోని నాలుగంకెలు పార్టు పేరు: 6015 బ్లాకు, 6049 హెడ్డు, 6303 క్రాంకు, 6250 క్యామ్ షాఫ్టు. ఆ ఏడాది డిజైనుది, బండి తయారైన ఏడాది కాదు. ఫోర్డు 3000 డీజిల్‌కు బోరు, స్ట్రోకు రెండూ 4.2 అంగుళాలే (106.7 మి.మీ.), అసలు బ్లాకుకు లైనర్లు ఉండవు. లైనరు కనబడితే అది రిపేరులో వేసిందే.

కొలతలకు వెర్నియర్ చాలదు, క్రాంకుకు మైక్రోమీటరు కావాలి. లైనరు బోరును రింగులు తిరగని అడుగు అంచులో కొలవండి. పైన అరిగి ఉంటుంది కనుక తప్పు చూపిస్తుంది. పిస్టన్‌ను స్కర్టు (రింగుల కింది నున్నని భాగం) అడుగున, పిన్‌కు అడ్డంగా కొలవండి, నెత్తి మీద గుద్దిన అంకె కూడా చూడండి. 0.50 అని ఉంటే అది ఓవర్‌సైజు, కొలతలోంచి అర మిల్లీమీటరు తీసేస్తేనే అసలు బోరు దొరుకుతుంది.

క్రాంకు నుంచి స్ట్రోకు తీయాలంటే వీ-బ్లాకుల మీద పెట్టి తిప్పండి. రాడ్ జర్నల్ (కనెక్టింగ్ రాడ్డు పట్టుకునే గుండ్రని భాగం) తిరుగుతూ చేరే పై మట్టానికీ కింది మట్టానికీ తేడాయే స్ట్రోకు. జర్నల్ కొలత తక్కువొచ్చిందని వేరే ఇంజనుదనుకోవద్దు, గ్రైండింగ్ అయి ఉంటుంది. పెర్కిన్స్ 3.152 రాడ్ జర్నల్ స్టాండర్డు 57.12 మి.మీ. దగ్గర ఉంటుంది. 56.86 వస్తే అది 10 అండర్‌సైజు, అంటే అంగుళంలో వెయ్యికి పది వంతులు. పాత బేరింగు వీపు మీద 010, 020 అని ఉంటుంది, దానితో సరిచూసుకోవచ్చు.

పిస్టన్‌లో అసలు గండం పిన్ ఎత్తు. పిన్ రంధ్రం పై అంచు నుంచి నెత్తి దాకా కొలిచి, పిన్ వ్యాసంలో సగం కలపండి. పాతదానికన్నా ఎక్కువైతే హెడ్డుకో, వాల్వుకో తగులుతుంది. తక్కువైతే కంప్రెషన్ దిగి, యాసంగి పొద్దున చలికి తెల్లపొగ కక్కుతూ స్టార్టు కాదు. నెత్తి మీద గిన్నెలాంటి గుంట ఉంటే డైరెక్టు ఇంజెక్షన్ (డీఐ), అంటే డీజిల్ నేరుగా ఆ గుంటలోకే చిమ్మే రకం. బి-275 ఆ రకం కాదు, దాని మంట గది హెడ్డులోనే ఉంటుంది. అనుమానముంటే నాజిల్ (డీజిల్ చిమ్మే ముక్కు) మీది అక్షరాలు చదవండి. మైకో నాజిల్ మీద డీఎల్ఎల్ఏ అని మొదలైతే డైరెక్టుకు, డీఎన్ అని ఉంటే ఇండైరెక్టుకు.

బోల్టు రంధ్రాలు దేశం చెబుతాయి. పెర్కిన్స్, ఫోర్డు అంగుళాల థ్రెడ్. హెచ్ఎంటీ జెటార్ 2511, 3511 మిల్లీమీటర్ల థ్రెడ్. పానా పెట్టి తేల్చొద్దు. అర అంగుళం బోల్టుకూ ఎం12 బోల్టుకూ 19 పానా సరిపోతుంది. పిచ్ గేజి పెట్టండి: ఎం12కు 1.75 మి.మీ., అర అంగుళం యూఎన్ఎఫ్‌కు (అంగుళాల సన్న మర) అంగుళానికి 20 మరలు. తప్పు బోల్టు రెండు చుట్లు తిరిగి పట్టేస్తుంది, బలవంతం చేస్తే బ్లాకు మర పోతుంది. జెటార్ 2511కు రెండు, 3511కు మూడు సిలిండర్లు, బోరు, స్ట్రోకు రెండింటికీ 95, 110. కనుక వాటి పిస్టన్‌ను పిన్ ఎత్తు, రింగు గాడులు సరిచూసుకొని అటూ ఇటూ వాడుకునే అవకాశం ఎక్కువ. పాత ఐషర్‌ది గాలి చల్లార్చే ఇంజను, సిలిండరు చుట్టూ రెక్కలుంటాయి, కంటితోనే తేలుతుంది.

హెడ్డు కొనేటప్పుడు పాత గ్యాస్కెట్ వెంట తీసుకెళ్లండి. హెడ్డు మీద పరిచి నీటి రంధ్రాలు, ఆయిల్ రంధ్రం, స్టడ్లు ఒక్కొక్కటే చూడండి. ఆయిల్ రంధ్రం ఒక్కటి మూసుకుపోయినా రాకర్లకు నూనె అందక గంటల్లో కాలిపోతాయి. కనెక్టింగ్ రాడ్డు, దాని క్యాపు మీద ఒకే నంబరు ఉండాలి, లేకుంటే వదిలేయండి. మెయిన్ క్యాపులైతే బ్లాకుతో కలిపి బోరింగ్ చేసినవి, వేరే బ్లాకు క్యాపు ఎంత బాగున్నా పెట్టకూడదు.

డీజిల్ పంపు మీది ప్లేటు ఇంకో పంపు నుంచి వచ్చి ఉండొచ్చు, పైపులు బిగించే మూతులు లెక్కపెట్టాకే దాన్ని నమ్మండి. ఆటోనగర్‌లోనైనా రాణిగంజ్‌లోనైనా డబ్బు కట్టేముందు "లేత్ మీద చూపించి సరిపోకుంటే వాపసు" అని చీటీ మీద రాయించుకొని, పార్టు నంబరు కనిపించేలా ఫోటో తీసుకోండి. గ్రైండింగ్ పట్టిన పార్టును మాత్రం ఎవరూ వాపసు తీసుకోరు, కొలతలన్నీ అంతకుముందే అయిపోవాలి.