వేట సీజన్‌కి ముందే బాణం బరువు తేల్చుకోండి

సీజన్ ఇంకో వారం ఉందనగా బాణాలు మార్చేవాళ్లను చూస్తే నాకు టెన్షన్ వస్తుంది. బరువు మారితే వేగం, గాల్లో బాణం కిందికి జారే తీరు, విల్లు చప్పుడు అన్నీ మారిపోతాయి. లెక్క తప్పితే బాధపడేది గాయంతో పారిపోయిన జంతువు.

ఒక కాంపౌండ్ విల్లు (కొసల్లో కప్పీలుండే విల్లు) 26 గ్రాముల బాణాన్ని సెకనుకు 80 మీటర్ల వేగంతో వదిలిందనుకుందాం. 32 గ్రాముల బాణమైతే వేగం 73 దగ్గరికి పడిపోతుంది. గతిశక్తి మాత్రం 83, 85 జౌళ్లు, దాదాపు సమానం. పెరిగేది ద్రవ్యవేగం (ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది), 2.1 నుంచి 2.3 కిలోగ్రామ్ మీటర్/సెకనుకి. ఎముక అడ్డొచ్చినా బాణం ముందుకు సాగేది ఈ ద్రవ్యవేగం బలంతోనే. పైగా బరువైన బాణం విల్లు శక్తిని ఎక్కువగా తీసుకుపోతుంది కాబట్టి అదురు, చప్పుడు తగ్గుతాయి. చప్పుడు చిన్న విషయం కాదు. 30 మీటర్ల దూరాన్ని శబ్దం సెకనులో పదో వంతులోపే దాటేస్తుంది, బాణానికి అంతకు నాలుగింతలు పడుతుంది. ఈలోపు జింక ఉలిక్కిపడి ఒళ్లు కిందికి దించేస్తుంది.

బరువుకి మూల్యమూ ఉంది. అదే 30 మీటర్లకి తేలిక బాణం సుమారు 69 సెంటీమీటర్లు కిందికి జారితే, బరువైనది 83 జారుతుంది. సైట్ పిన్ (విల్లు మీద గురి చూసే పుల్ల) సరిచేయకుండా వదిలితే 14 సెంటీమీటర్లు కింద తగులుతుంది. ఊపిరితిత్తులకు గురిపెట్టిన బాణం కాలికి తగలడానికి అది చాలు.

మరీ తేలికా వద్దు. విల్లు నారి లాగడానికి పట్టే బలంలో ప్రతి పౌండుకి బాణం బరువు కనీసం 5 గ్రెయిన్లు (బాణాలు తూచే చిన్న కొలత) ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. అంటే 60 పౌండ్ల విల్లుకి 300 గ్రెయిన్లు, సుమారు 19.5 గ్రాములు. అంతకు తగ్గేకొద్దీ బాణం లేకుండా ఖాళీ నారి వదిలినట్టే, విల్లు బద్దలవ్వచ్చు.

కార్బన్ బాణాన్ని వదిలే ముందు ప్రతిసారీ ముఖానికి దూరంగా పట్టుకుని, కొద్దిగా వంచుతూ, తిప్పుతూ వినండి. పటపటమని చప్పుడొస్తే విరిచి పారేయండి. అది వదిలేటప్పుడు పగిలితే చీలికలు చేతిలో దిగుతాయి.

సాధనలో నేను పట్టించుకునేది రోజు మొదటి బాణమే. వేటలో దొరికేది ఆ ఒక్కటే. వేట దుస్తుల్లో, కూర్చుని, బ్రాడ్‌హెడ్‌తోనే (వేటకి వాడే పదునైన బ్లేడ్ల మొన) వదిలి చూడండి. ఫీల్డ్ పాయింట్ (సాధనకి వాడే మామూలు మొన) తగిలిన చోటే అదీ తగులుతుందనుకోవద్దు. మొదటి బాణం 20 సెంటీమీటర్ల వృత్తంలో ఏ దూరం వరకు తప్పకుండా పడుతుందో అదే మీ హద్దు. చెట్టు మంచె వాడేవాళ్లు నేల మీదున్నప్పుడే హార్నెస్ (పడిపోకుండా కాపాడే పట్టీలు) కట్టుకోండి. విల్లుని తాడుతో పైకి లాగండి. అంతవరకూ బ్రాడ్‌హెడ్‌లు మూత ఉన్న అంబులపొదిలోనే ఉండాలి.