తాగొచ్చే మొగుడు: సమస్య – పరిష్కారం

పెళ్లయి 27 ఏళ్లు, కాపురం విశాఖపట్నం కంచరపాలెంలో. ఇవన్నీ మా ఇంట్లో జరిగినవే, మీ ఇంట్లోనూ జరుగుతుంటే పనికొస్తాయని రాస్తున్నా.

సమస్య: తాళం తిరగదు
ఓ రాత్రి మా ఆయన కింద వాటా వాళ్ల తలుపు దగ్గర పావుగంట కుస్తీ పట్టి, "ఏటే, తాళం మార్చేసావా?" అని వీధంతా లేపేశారు. దిగి చూస్తే చేతిలో ఉన్నది బండి తాళంచెవి! నవ్వొచ్చింది, వెంటనే కాళ్లు వణికాయి, అంటే ఈ మనిషి అదే స్థితిలో బండి తోలుకొచ్చారన్నమాట.
పరిష్కారం: బండి తాళంచెవి సాయంత్రమే మీ దగ్గర పెట్టుకోండి. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసు. కేసు సంగతి సరే, ముందు ప్రాణం.

సమస్య: ఎంత మజ్జిగ తాగించినా మత్తు దిగదు
కారణం: మత్తు దించేది లివర్, దానికి 30 మిల్లీలీటర్ల పెగ్గుకి ఇంచుమించు గంట పడుతుంది. క్వార్టర్ అంటే ఆరు పెగ్గులు, లెక్క మీరే వేసుకోండి. నిమ్మరసం, కాఫీ, బకెట్ చన్నీళ్లు, ఏవీ ఆ గంటల్ని తగ్గించవు.
పరిష్కారం: పక్కకి తిప్పి పడుకోబెట్టండి, వెల్లకిలా వద్దు, వాంతి గొంతుకి అడ్డం పడుతుంది. ఎంత లేపినా లేవకపోతే, ఊపిరి ఆగి ఆగి తీస్తుంటే 108కి ఫోన్ చేయండి.

సమస్య: మానేశారు, చేతులు వణుకుతున్నాయి
ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి. సింహాద్రి అప్పన్న మీద ఒట్టేసి మా ఆయన నిజంగానే మానేశారు. రెండో రోజు పొద్దున్న టీ గ్లాసు పట్టుకుంటే సగం టీ లుంగీ మీదే, చొక్కా గుండీలు నేనే పెట్టాను. మందు కోసం నాటకం అనుకుని తిట్టాను కూడా, ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ బాధే.
కారణం: ఏళ్ల తరబడి రోజూ తాగిన ఒంటికి ఒక్కసారిగా ఆపేస్తే వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం వస్తాయి. కొందరికి మొదటి రెండు రోజుల్లోనే ఫిట్స్ వస్తాయి, ఆ తర్వాత లేనివి కనబడతాయి. ప్రాణం మీదకి వచ్చే సంగతి ఇది.
పరిష్కారం: ఒట్లు చాలవు, డాక్టర్ కావాలి. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, మత్తు అలవాట్లు మానిపించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేస్తే డబ్బులేమీ పడవు. ఆయనకి తెలియకుండా సాంబారులో మానిపించే మాత్రలు కలపకండి, దాని మీద తాగితే బీపీ పడిపోయి మనిషికే ప్రమాదం.

సమస్య: ఆయన మానేశారు, మీ కోపం మానలేదు
కారణం మీకూ తెలుసు. మేం సాయంత్రాలు బీచ్ రోడ్డులో నడుస్తాం, ముంత మసాలా ఒక్కటే కొనుక్కుంటాం, ఏ ఏడాది ఏం చేశారో నేను ఒక్కొక్కటే చెప్తుంటాను. ఆయన ఎదురు చెప్పరు, నాకు పడవని ఉల్లిపాయలు ఏరి తన వైపు పెట్టుకుంటూ వింటారు.