పాత చేతక్ స్టార్ట్ కాలేదా? ఇంజన్ విప్పే ముందు ఇవి చూడండి

మా నాయన చేతక్ స్కూటర్ కడపలో మా ఇంటి వెనక రేకుల కింద పదకొండేళ్లు పడి ఉండింది. పోయిన ఎండాకాలం దాన్ని బయటికి తీసి ఒక మెకానిక్ షెడ్డుకు తోసుకుపోతే, రెండుసార్లు కిక్ కొట్టి చూసి "ఇంజన్ పోయింది, బోరు కొట్టించాల" అన్నారు, అంటే సిలిండర్ లోపల అరగదీయించి కొత్త పిస్టన్ వేయించడం. నాకు నమ్మబుద్ధి కాలేదు. కిక్ కొడితే కాలికి గట్టిగా ఎదురు తగులుతోంది, అంటే కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే బలం) బాగానే ఉన్నట్టు. ఇంటికి తెచ్చి మెల్లగా ఒక్కొక్కటీ చూసుకుంటే దొరికింది రెండే తప్పులు: కార్బురేటర్ జెట్ (పెట్రోల్ పోయే సన్న రంధ్రమున్న ముక్క) మూసుకుపోయి ఉంది, పాయింట్లు (ప్లగ్‌లో నిప్పు పుట్టేలా కరెంటును కలిపి తెంచేవి) తుప్పు పట్టి ఉన్నాయి. బోరు అవసరమే లేదు. అందుకే మొదటిసారి పాత స్కూటర్ బాగుచేసుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే, ఇంజన్ ఆఖరున విప్పండి.

ఏళ్ల తరబడి నిలబడిన బండికి వెంటనే కిక్ కొట్టొద్దు. స్పార్క్ ప్లగ్ విప్పి, ఆ రంధ్రంలోకి కొంచెం టూటీ ఆయిల్ (పెట్రోల్‌లో కలిపే ఆయిలే) పోసి రాత్రంతా వదిలేయండి. పొద్దున కిక్‌ని చేత్తోనే మెల్లగా నొక్కుతూ ఇంజన్ తిప్పండి. పిస్టన్ రింగులు పట్టేసి ఉంటే అప్పుడు వదులుతాయి, ఇలా చేయకుండా కిక్ కొడితే సిలిండర్ మీద గీతలు పడి నిజంగానే బోరు ఖర్చు మీద పడుతుంది.

సమస్య: ఎంత కిక్ కొట్టినా స్టార్ట్ కాదు

పది కిక్‌లు కొట్టాక ప్లగ్ విప్పి చూడండి. పొడిగా ఉందా, తడిగా ఉందా? సగం జవాబు అక్కడే ఉంది.

పొడిగా ఉంటే పెట్రోల్ రావడం లేదు. ట్యాంకు నుంచి కిందికి వరసగా చూసుకుంటూ రండి. పాత పెట్రోల్ మొత్తం పారబోయండి, అది జిగురై ఉంటుంది. ట్యాంకులో తుప్పు ఉంటే గుప్పెడు చిన్న నట్లు, కొంచెం కిరోసిన్ వేసి బాగా కుదపండి (నట్లు లెక్కపెట్టి వేయండి, లెక్కపెట్టి తీయండి, ఒక్కటి లోపల మిగిలినా పని చెడుతుంది). తర్వాత ట్యాప్, పైపు, కార్బురేటర్‌లోకి పెట్రోల్ వచ్చే చోట ఉండే చిన్న జాలీ, ఆఖరున జెట్. జెట్‌లోకి సూది గానీ ఇనుప తీగ గానీ దూర్చొద్దు, రంధ్రం పెద్దదైతే బండి ఎప్పటికీ ఎక్కువ పెట్రోల్ తాగుతుంది. పెట్రోల్‌లో నానబెట్టి పంక్చర్ అంగడిలో గాలి కొట్టించుకుంటే చాలు. రబ్బరు పైపు, వాషర్లు కొత్తవి వేసేయండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కి పాత రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, పైగా ఆ పెట్రోల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి బండిని నెలల తరబడి నిలపాలంటే ట్యాంకు ఖాళీ చేసి నిలపండి. చేతక్‌ను పక్కకు వంచి కిక్ కొట్టే అలవాటు మనందరికీ తెలిసిందే, కానీ వంచితే తప్ప స్టార్ట్ కాదంటే చాలాసార్లు పెట్రోల్ సరిగా అందడం లేదనే అర్థం.

తడిగా ఉంటే పెట్రోల్ వస్తోంది, నిప్పు రావడం లేదు. ప్లగ్‌ను తుడిచి క్యాప్‌లో పెట్టి, దాని ఇనుప భాగం ఇంజన్‌కి ఆనించి కిక్ కొట్టండి. ప్లగ్ రంధ్రానికి దూరంగా పెట్టండి, అందులోంచి పెట్రోల్ ఆవిరి వస్తుంటుంది, మంట అంటుకునే ప్రమాదం ఉంది. నీలం రంగు నిప్పు టక్కుమని రావాలి. పసుపుగా, నీరసంగా వస్తే ముందు కొత్త ప్లగ్ వేసి చూడండి, ప్లగ్ కొసల మధ్య సందు 0.6 మిల్లీమీటర్లు ఉండాలి, గేజ్ లేకపోతే హ్యాక్సా బ్లేడు మందం దాదాపు అంతే. అప్పటికీ రాకపోతే పాయింట్లు. మాగ్నెట్ (ఇంజన్‌తో పాటు తిరిగే అయస్కాంత చక్రం) మీద ఉండే కిటికీలోంచి కనిపిస్తాయి, సన్న ఎమెరీ పేపర్ మడిచి వాటి మధ్యలో రెండు మూడుసార్లు లాగి, పెట్రోల్‌లో ముంచిన గుడ్డతో తుడిచేయండి. నా బండికి ఇది చేశాక మూడో కిక్‌కే స్టార్ట్ అయింది. నాయన ఆ శబ్దం విని లోపలి నుంచి లేచి వచ్చినారు. (తర్వాత వచ్చిన ఎలక్ట్రానిక్ మోడళ్లలో పాయింట్లు ఉండవు, అక్కడ వాటి పని చేసే ఎలక్ట్రానిక్ డబ్బా, సీడీఐ, మార్చి చూడాలి.)

సమస్య: బాగానే నడిచి, వేడెక్కాక ఆగిపోతుంది, చల్లారితే మళ్లీ స్టార్ట్ అవుతుంది

దీనితో నేను నెల రోజులు టెన్షన్ పడ్డాను. మన ఊరి ఎండకు ఇంతేలే అనుకోవద్దు. ఆగిన క్షణంలోనే రెండు పనులు చేయండి. ట్యాంకు మూత తెరవండి, సుయ్‌మని గాలి లోపలికి పోతే మూతకున్న చిన్న రంధ్రం మూసుకుపోయినట్టు, సబ్బు నీళ్లతో కడిగి ఊదితే తెరుచుకుంటుంది. గాలి పోలేదంటే వెంటనే ప్లగ్ విప్పి నిప్పు చూడండి. నీరసంగా ఉంటే కండెన్సర్ (పాయింట్లు కాలకుండా కాపాడేది) గానీ కాయిల్ (ప్లగ్‌కి కరెంటు పంపేది) గానీ పోతున్నట్టు. ముందు కండెన్సర్ మార్చండి, అది చవక. మాగ్నెట్ తీయాల్సి వస్తే దాన్ని లాగే పనిముట్టు, పుల్లర్, అద్దెకో బదులుకో తెచ్చుకోండి, సుత్తితో మాత్రం కొట్టొద్దు.

సమస్య: ఎత్తు ఎక్కలేదు

రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు నా బండి రెండో గేరులో కూడా ఏడ్చింది. బోరు కాదు, సైలెన్సర్. టూ స్ట్రోక్ బండిలో ఆయిల్ కూడా కాలుతుంది కాబట్టి పొగ గొట్టంలో ఏళ్ల మసి గట్టిపడి పేరుకుంటుంది. సైలెన్సర్ విప్పి, ఇంజన్ వైపు రంధ్రంలో కూడా మసి గీకేయండి. ఆయిల్ లీటరు పెట్రోల్‌కు 20 మిల్లీలీటర్లు చాలు. మంచిదని ఎక్కువ పోస్తే మళ్లీ ఇదే కథ, తక్కువ పోస్తే పిస్టన్ పట్టేస్తుంది.

సమస్య: విపరీతంగా తెల్ల పొగ, లేదా రేస్ (ఇంజన్ వేగం) దానంతటదే పెరిగిపోతుంది

ఇక్కడ మాత్రం ఇంజన్ విప్పాల్సిందే, రెండూ చాలాసార్లు క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) ఆయిల్ సీళ్ల పనే. పొగతో పాటు గేర్ ఆయిల్ తగ్గుతుంటే క్లచ్ వైపు సీల్. రేస్ పెరుగుతుంటే మాగ్నెట్ వైపు సీల్ దగ్గర బయటి గాలి లోపలికి పోతోంది, అలాగే నడిపితే పిస్టన్ కరుగుతుంది. దారిలో రేస్ ఆగకపోతే బ్రేక్ గట్టిగా పట్టి, నాలుగో గేరులో పెట్టి క్లచ్ వదిలేయండి, ఆగిపోతుంది. రెండు సీళ్లూ ఒకేసారి మార్పించుకోండి, ఎందుకంటే ఖర్చంతా ఇంజన్ విప్పే కూలీలోనే ఉంది.

సమస్య: పెయింట్ వేయించాక లైట్లు, హారన్ పని చేయవు

వైరింగ్ మొత్తం మార్చమంటారు, ఆగండి. ఎర్త్ వైర్ బాడీకి బిగించే చోట కొత్త పెయింట్ అడ్డం పడి ఉంటుంది. ఆ బోల్టు కింద పైసా అంత మేర గీకి బిగించండి. బల్బులు కొనేటప్పుడు మీ బండి 6 వోల్టులదో 12 వోల్టులదో చూసుకోండి.

టైరు మార్చేటప్పుడు ఒక్క మాట, ఇది ప్రాణానికి సంబంధించింది. చేతక్ రిమ్ రెండు ముక్కలు బిగించినది. గాలి ఉండగా ఆ రెండు ముక్కలను కలిపే నట్లు విప్పితే రిమ్ ఎగిరి ముఖానికి కొడుతుంది. వాల్వ్ పిన్ తీసేసి, గాలి పూర్తిగా పోయిందని చేత్తో నొక్కి చూసుకున్నాకే స్పానర్ పట్టండి.