ఒగ్గు కథ రాత్రిని ఫోటో తీయాలంటే

సంక్రాంతికి మొదలై ఉగాది దాకా సాగుతుంది హనుమకొండ దగ్గరి ఐనవోలు మల్లన్న జాతర. హనుమకొండ హాస్టళ్లలో ఉండి, కొత్తగా కెమెరా చేతికొచ్చిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ముందు అక్కడికి పోండి. గుడి దగ్గరి కాకతీయ తోరణాలను పగలు అందరూ తీస్తారు. మీరు చీకటి పడ్డాక డోలు మోగే చోటు వెతుక్కోండి. డోలు, తాళాలతో మల్లన్న, ఎల్లమ్మల కథలు పాడి ఆడే ఒగ్గు కథ అక్కడే సాగుతుంది.

లెన్స్ 50 ఎంఎం, ఎఫ్ 1.8 అయితే చాలు. కొనలేకపోతే సీనియర్లను అడగండి. మాన్యువల్ మోడ్‌లో ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) 3200, అపర్చర్ (లెన్స్ తెరుచుకునే కంత) ఎఫ్ 2, షట్టర్ (అది తెరిచి ఉండే సమయం) 1/100 సెకను పెట్టి మొదలుపెట్టండి. ఈ 1/100కి కారణం ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చవక ఎల్‌ఈడీ లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు గానీ షట్టర్ 1/250కి పెంచితే ఫోటోలో నల్ల చారలు పడొచ్చు. సైలెంట్ షట్టర్‌తో ఈ తలనొప్పి ఇంకా ఎక్కువ.

మరి అంత తక్కువ షట్టర్‌కు డోలు కొట్టే చెయ్యి చెదరదా? దెబ్బ పడేటప్పుడు నొక్కితే చెదురుతుంది. కర్ర పైకి లేచి, కిందికి తిరిగే ముందు ఒక్క క్షణం ఆగుతుంది చూడండి, అక్కడ నొక్కాలి. అందుకే కెమెరా దించి కాసేపు ఉత్తగా వినండి. దరువు చెవికెక్కాక వేలు దానంతటదే కదులుతుంది.

ఫ్లాష్ జోలికి పోవద్దు. ఆడేవాళ్ల కళ్లు చెదురుతాయి, ముఖాల మీది పసుపు పాలిపోతుంది.

అందరి కెమెరాలూ ప్రధాన కథకుడి మీదే ఉంటాయి. నన్నడిగితే మంచి ఫోటోలు ఆయనకు తోడు పలికే వంతవాళ్ల దగ్గర దొరుకుతాయి. కథకుడు భుజం మీది కండువాను కొంగులా నెత్తిన కప్పుకుని ఎల్లమ్మ అయిపోతాడు. పక్కన తాళం వేసే ఆయన నవ్వాపుకుంటూ ‘ఆహా’ అంటుంటాడు. చెమటకు తడిసిన పసుపు కణత మీదుగా గీతలా జారుతుంటుంది. ఇద్దరూ ఒకే ఫ్రేములో పడాలంటే ఎదురుగా కాదు, పక్కగా కూర్చోవాలి.

బండారి, అంటే మల్లన్న పసుపు, దాని విషయంలో మాత్రం పైలం. అంత మెత్తటి పసుపు లెన్స్ రింగుల్లోకి దూరితే బయటికి రాదు. పాలిథిన్ కవర్ తొడిగి రబ్బరు బ్యాండు వేయండి, జనంలో లెన్స్ మార్చకండి. అద్దం మీద పడితే తడిగుడ్డతో తుడవొద్దు, ముందు బ్లోయర్‌తో ఊదండి.

పట్నం, అంటే నేల మీద రంగు పొడులతో దేవుడి ముగ్గు, వేసిన చోట చెప్పులు దూరంగా వదిలేయాలి. రంగుల గీత మీద కాలు పడకూడదు. కథ మొదలుకాకముందే ఒగ్గు పూజారి దగ్గరికెళ్లి, “అన్నా, ఎక్కడ కూసుంటే మీకు అడ్డం రాను?” అని అడగండి. చాలాసార్లు ఆయన చూపించే చోటే అన్నిటికన్నా మంచి యాంగిల్ అవుతుంది.

ఫోన్‌తో తీసేవాళ్లు నైట్ మోడ్ ఆపేసి, సెట్టింగులు మనమే పెట్టుకునే ప్రో మోడ్‌కు వెళ్లండి, నైట్ మోడ్‌లో ఆడే మనిషి మసకైపోతాడు. ఆఖరి బస్సు టైము వెళ్లేటప్పుడే కండక్టర్‌ను అడిగి పెట్టుకోండి. తర్వాత నాలుగైదు మంచివి ఏరి కథ చెప్పిన బృందానికి వాట్సాప్‌లో పంపండి, వంతవాళ్లవి కూడా కలిపి.