లారీలో జీపీఎస్ పెట్టే ముందు టేపు పట్టుకోండి

రాత్రి పదకొండు దాటింది. 40 అడుగుల ట్రైలర్, పైన కంటైనర్. ఎదురుగా రైలు బ్రిడ్జి, దాని మీద 3.8 మీటర్లు అని బోర్డు. నా బండి ఎత్తు 4.2 పైచిలుకు. ఫోన్ మాత్రం "తిన్నగా వెళ్లండి" అంటూనే ఉంది.

అప్పటికే ఆ ఇరుకు రోడ్డులోకి అర కిలోమీటరు పైగా వచ్చేశాను. ముందుకు పోలేను, తిప్పుకోవడానికి చోటు లేదు. క్లీనర్ కుర్రాడు టార్చిలైటు పట్టుకుని వెనక నడుస్తుంటే, పదడుగులకోసారి ఆపుకుంటూ, అడ్డంగా పెట్టిన మోటార్ సైకిళ్లు జరిపించుకుంటూ, రివర్సులో మెయిన్ రోడ్డు ఎక్కేసరికి గంటంబావు పట్టింది. చలికాలం. అయినా చొక్కా తడిసి ముద్దయింది.

ఆ రాత్రంతా ఫోన్‌ను తిట్టుకున్నాను. తెల్లారాక నిదానంగా ఆలోచిస్తే విషయం అర్థమైంది. నేను అడిగింది కారు దారి, అది చూపించింది కారు దారి. నా వెనకాల ఎంత పొడవు బండి ఉందో, ఎంత ఎత్తు లోడు ఉందో దానికి ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత ఇన్నేళ్లలో నేను నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా స్టీరింగు పట్టిన తమ్ముళ్లకు ఆ గంటంబావు టెన్షన్ రాకూడదని నా కోరిక.

ఉపగ్రహానికి తెలిసిందెంత

చాలామంది "శాటిలైట్ పైనుంచి చూసి దారి చెప్తుంది" అనుకుంటారు. అది ఏమీ చూడదు. జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, తాము ఎక్కడున్నదీ, టైమెంతైనదీ రేడియోలో పంపుతుంటాయి, అంతే. ఆ సిగ్నల్ మన దగ్గరికి రావడానికి సెకనులో పదిహేనో వంతు పడుతుంది. ఆ ఆలస్యాన్ని బట్టి మన ఫోన్ దూరం లెక్కగట్టుకుని, కనీసం నాలుగు ఉపగ్రహాల లెక్క కుదిరితే మనం ఎక్కడున్నామో తేల్చుకుంటుంది. రష్యా వాళ్ల గ్లోనాస్, యూరప్ వాళ్ల గెలీలియో, చైనా వాళ్ల బైదూ చేసేదీ ఇదే పని.

అంటే ఉపగ్రహం వల్ల తెలిసేది "నువ్వు ఇక్కడున్నావు" అన్న ఒక్క ముక్క. రోడ్డు ఎక్కడుందో చెప్పేది మ్యాపు. ఏ రోడ్డున పోవాలో తేల్చేది సాఫ్ట్‌వేరు. ఈ మూడింటినీ విడివిడిగా చూడటం అలవాటైతే, ఎప్పుడు దేన్ని నమ్మాలో తెలుస్తుంది. స్క్రీన్ మీద మనల్ని చూపించే చుక్క సరైన చోటే ఉండొచ్చు, మ్యాపు పాతదై ఉండొచ్చు. మ్యాపు కొత్తదే అయినా, దారి కారుకు వేసినదై ఉండొచ్చు.

ఆ చుక్క కూడా అచ్చంగా మన టైరు కింద ఉండదు. ఆకాశం బాగా కనిపించే చోట ఫోన్లో ఐదు మీటర్ల దాకా అటూ ఇటూ ఉంటుంది. ఎత్తైన భవనాల మధ్య సిగ్నల్ గోడలకు తగిలి వస్తుంది కాబట్టి ఇంకా ఎక్కువ తేడా వస్తుంది. సొరంగంలో సిగ్నలే ఉండదు. అందుకే ఫ్లైఓవరూ దాని పక్క సర్వీసు రోడ్డూ చీలే చోట ఫోన్ తికమక పడుతుంది. మనం పైన ఉంటే కింద ఉన్నామనుకుంటుంది. అలాంటి చోట నేను స్క్రీన్ వైపు చూడను, బోర్డులే చూస్తాను.

ఇంకొకటి. జీపీఎస్‌కు నెట్ అక్కర్లేదు, మ్యాపుకు కావాలి. బయల్దేరే ముందే దారి పొడవునా మ్యాపు డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే, సిగ్నల్ లేని ఘాట్ రోడ్డులో తెల్ల స్క్రీన్ చూసే పని ఉండదు.

మీ బండి కొలతలు మీరే తీయండి

మిగతాదంతా మర్చిపోయినా ఇది మాత్రం చేయండి. కాగితాల మీద రాసిన ఎత్తును నమ్మి నడపొద్దు. అది ఖాళీ ఛాసిస్‌దో, వేరే టైర్లు వేసినప్పటిదో అయి ఉంటుంది.

బండిని చదునైన నేల మీద పెట్టండి. అన్నిటికంటే ఎత్తున ఉన్నది ఏదో ముందు కనిపెట్టండి. కంటైనరే అని తేల్చేయొద్దు. క్యాబిన్ మీది గాలి రేకు కావచ్చు, ఏసీ పెట్టె కావచ్చు, పొగగొట్టం కావచ్చు, టార్పాలిన్ కింద ఉబ్బుగా మిగిలిన బస్తా కావచ్చు. దాని మీద ఒక తిన్నటి కర్ర అడ్డంగా పెట్టి, కర్ర చివర నుంచి నేల దాకా టేపు దించండి. ఒకరు పైన, ఒకరు కింద. ఐదు నిమిషాల పని.

లోడుతో ఒకసారి కొలవండి, ఖాళీగా ఇంకోసారి కొలవండి. లోడు దించేశాక స్ప్రింగులు లేస్తాయి, బండి ఎత్తు పెరుగుతుంది. పొద్దున లోడుతో దూరిన బ్రిడ్జి కింద, సాయంత్రం ఖాళీగా వస్తూ తగిలించుకున్నవాళ్లున్నారు. "పొద్దున ఇదే దారిలో వెళ్లాను కదా" అన్న ధీమాతోనే వచ్చారు వాళ్లు.

కంటైనర్ బండి వాళ్లకు ఇంకో జాగ్రత్త. మామూలు కంటైనర్ ఎత్తు 8 అడుగుల 6 అంగుళాలు, హైక్యూబ్‌ది 9 అడుగుల 6 అంగుళాలు. అదే ట్రైలర్, అదే పొడవు, దూరం నుంచి చూస్తే ఒకేలా ఉంటాయి. వెళ్లేటప్పుడు మామూలుది వేసుకెళ్లి, వచ్చేటప్పుడు హైక్యూబ్ ఎక్కించుకుంటే బండి ఒక అడుగు పెరిగిందన్న మాట. నావిగేషన్‌లో ఆ అంకె మార్చకపోతే అది వెళ్లిన దారినే తిరిగి చూపిస్తుంది.

ఇక అంకె ఎక్కించేటప్పుడు జరిగే పొరపాటు. దీన్ని నా కళ్లతో చూశాను. మాతో నడిపే ఒక కుర్రాడి బండి 13 అడుగుల 10 అంగుళాలు. యాప్‌లో 13.10 అని కొట్టాడు. యాప్ దాన్ని 13.1 అడుగులు అనుకుంది. 13.1 అంటే 13 అడుగుల ఒక అంగుళం చిల్లర. దాదాపు 9 అంగుళాలు తక్కువ! మీటర్లలో అయితే 4.22 ఉండాల్సింది 3.99 అయింది. 4.1 మీటర్ల బ్రిడ్జి వస్తే, "హాయిగా పో" అని చెప్పేది ఆ యాప్. అందుకే నేను మీటర్లలోనే ఎక్కిస్తాను. అడుగుల్ని 0.3048తో గుణిస్తే మీటర్లు వస్తాయి. అంగుళాలు మిగిలితే ముందు వాటిని 12తో భాగించి అడుగుల్లో కలుపుకోవాలి. వచ్చిన అంకె మీద ఇంకో 10 సెంటీమీటర్లు కలిపి ఎక్కిస్తాను. రోడ్డు మీద కొత్తగా తారు పోస్తే బ్రిడ్జి కింద ఖాళీ తగ్గుతుంది, బోర్డు మాత్రం పాతదే ఉంటుంది. పల్లంలో ఉన్న బ్రిడ్జి అయితే పొడవాటి బండి ముందు టైర్లు ఒక గట్టున, వెనక టైర్లు ఒక గట్టున ఉండి, నడుము పైకి లేచినట్టవుతుంది. ఆ 10 సెంటీమీటర్లు అందుకోసం.

తీసిన కొలతలు మీటర్లలో, అడుగుల్లో రెండింటిలోనూ పెద్ద అక్షరాలతో రాసి, కళ్లెదురుగా అద్దం పైన అంటించుకోండి. బోర్డు కనబడ్డాక లెక్క కట్టుకునే టైము ఉండదు. అమెరికాలోని డర్హమ్ అనే ఊళ్లో 11 అడుగుల 8 అంగుళాల రైలు బ్రిడ్జి ఒకటి ఉండేది. ఎత్తు బోర్డులు పెట్టారు, ఎత్తైన బండి వస్తే పసిగట్టి వెలిగే హెచ్చరిక పెట్టారు, అయినా లారీలు తగులుతూనే వచ్చాయి. 2019లో దాన్ని 8 అంగుళాలు పైకి లేపారు. ఆ తర్వాత కూడా తగిలాయి. తన బండి అంకె తనకు నోటికి రాకపోతే ఏ బోర్డూ ఆపలేదని, అక్కడ లారీలు తగిలే వీడియోలు నెట్‌లో చూసినప్పుడల్లా అనిపిస్తుంది.

కారు యాప్, లారీ యాప్

అందరి ఫోన్లలో ఉండే మామూలు మ్యాప్ యాప్‌లో ఎత్తు, బరువు నింపే చోటే ఉండదు. ట్రాఫిక్ చూసుకోవడానికి అది బాగుంటుంది, భారీ బండికి దారి వేయడానికి పనికిరాదు. లారీల కోసం చేసిన నావిగేషన్‌లో ఎత్తు, వెడల్పు, పొడవు, మొత్తం బరువు, యాక్సిల్ బరువు (ఒక్కో ఇరుసు మీద పడేది), ప్రమాదకరమైన సరుకు ఉందా లేదా అన్నీ అడుగుతుంది. అన్నీ నింపండి. బరువు కాటా చీటీ చూసి నింపండి, అంచనా మీద వద్దు.

అయితే లారీ యాప్ ఉంది కదా అని కళ్లు మూసుకోవడానికి లేదు. మ్యాపులో ఎవరో ఒకరు ఎక్కించిన ఆంక్షలే దానికి తెలుస్తాయి. ఒక బ్రిడ్జి ఎత్తు ఎవరూ నమోదు చేయకపోతే, ఆ బ్రిడ్జి దానికి అడ్డే కాదు. నిన్న పెట్టిన ఇనుప అడ్డకమ్మీ, మొన్న మొదలైన తవ్వకం దానికి తెలియవు. బోర్డు ఒకటి చెప్పి, ఫోన్ ఇంకొకటి చెప్తే బోర్డుదే మాట.

బయల్దేరే ముందు పావుగంట

గమ్యం కొట్టి వెంటనే "స్టార్ట్" నొక్కను. ముందు దారి మొత్తం వేలితో జరుపుకుంటూ చూస్తాను. హైవే వదిలే చోట్లు, నది దాటే చోట్లు, రైలు పట్టాలు దాటే చోట్లు గుర్తు పెట్టుకుంటాను. ఐదారు పెద్ద కూడళ్ల పేర్లు కాగితం మీద రాసుకుంటాను. ఫోన్ ఎండకు వేడెక్కి ఆగిపోయినా ఆ కాగితం పని చేస్తుంది.

ఎక్కువ సేపు చూడాల్సింది చివరి రెండు మూడు కిలోమీటర్లు. ఇబ్బందులన్నీ అక్కడే. అడ్రసు కొడితే మ్యాపు ఆఫీసు గుమ్మం ముందుకు తీసుకెళ్తుంది, లారీ గేటు ఆ గోడకు అవతలి వైపు, ఇంకో రోడ్డులో ఉంటుంది. ఉపగ్రహ చిత్రం తెరిచి చూస్తే తెలిసిపోతుంది. ఆగి ఉన్న లారీలు ఎటు వైపున్నాయి, నేల మీద టైరు జాడలు ఎక్కడ మలుపు తిరిగాయి అని చూడండి. అదే మీ గేటు. పిన్ను అక్కడ పెట్టుకోండి.

తర్వాత సరుకు దించుకునే వాళ్లకు ఫోన్ చేయండి. "దారి ఎలా?" అని అడిగితే వాళ్లు తమ కారు దారి చెప్తారు. "మీ దగ్గరికి పెద్ద ట్రైలర్లు ఏ వైపు నుంచి వస్తాయండీ? దారిలో తక్కువ ఎత్తు బ్రిడ్జి గానీ, కిందికి వేలాడే కరెంటు తీగలు గానీ ఉన్నాయా? లోపల తిప్పుకునే చోటుందా?" అని విడమర్చి అడగండి. కుదిరితే గేటు దగ్గరుండే సెక్యూరిటీ అతనితో మాట్లాడండి. రోజూ లారీలు లోపలికి పంపేది అతనే.

చేరే టైము విషయంలో ఒక్క మాట. కారు యాప్ చూపించే టైము కారుదే. 400 కిలోమీటర్లకు గంటకు 80 చొప్పున 5 గంటలు అంటుంది. మన సగటు 55 అయితే 7 గంటల పదహారు నిమిషాలు, ఆగి విశ్రాంతి తీసుకునేది అదనం. యజమానికి ఈ రెండో లెక్కే చెప్పండి. మొదటిది చెప్పి, దాన్ని అందుకోవడానికి తొక్కొద్దు.

నడుస్తున్నప్పుడు

ఫోన్‌ను చూపుకు అడ్డం రాకుండా, అద్దానికి కింది అంచున బిగించండి. లారీకి అద్దం పక్కన ఉండే చాటు చిన్నది కాదు, ఫోన్ దానికి తోడైతే పక్కన వచ్చే మనిషి కనపడడు. వాయిస్ ఆన్‌లో ఉంచి చెవులతో వినండి. గంటకు 60లో బండి సెకనుకు 16 మీటర్లకు పైగా పోతుంది. రెండు సెకన్లు స్క్రీన్ చూస్తే 33 మీటర్లు, అంటే రెండు ట్రైలర్ల పొడవు చూడకుండా నడిపినట్టే. ఏదైనా మార్చాలంటే బండి ఆపి మార్చండి.

మధ్యలో "4 నిమిషాలు తొందరగా చేరే దారి ఉంది" అని అడుగుతుంది. ఆ దారిని మీరు పొద్దున చూడలేదు. వద్దనండి. ఆటోమేటిక్‌గా దారి మారే సెట్టింగు ఉంటే ఆపేయండి. మలుపు దాటిపోతే కంగారు పడొద్దు, చివరి క్షణంలో స్టీరింగు తిప్పొద్దు. ముందుకు పోండి. పది కిలోమీటర్ల చుట్టు తిరుగుడుకు అయ్యే డీజిల్, ఇరుకు సందులో విరిగే ఒక్క మిర్రర్ పాటి చేయదు.

రోడ్డు కూడా చెప్తుంది. సన్నబడుతోందా, చెట్ల కొమ్మలు కారు ఎత్తులోనే ఉన్నాయా, మూల గోడలకు గీతలు పడి ఉన్నాయా, ఎదురుగా ఒక్క లారీ అయినా రావడం లేదా? ఇందులో రెండు కనిపిస్తే, తిప్పుకునే చోటు ఉండగానే ఆపేయండి. పోయిన నెల నాకు ఫోన్ చేసిన కుర్రాడు సరిగ్గా అదే చేశాడు.

"అన్నా, మ్యాపు ఎడమకు తిప్పమంటోంది. రోడ్డు చిన్నగా ఉంది."

"తిప్పావా?"

"లేదన్నా. పక్కన ఆపి నీకు చేశాను."

"మంచి పని చేశావు. దిగి నడిచి చూసి రా."

మూడొందల మీటర్ల అవతల కల్వర్టు మీద బరువు ఆంక్ష బోర్డు ఉందట. మ్యాపులో లేదు.

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఇరుక్కుంటే, బండి ఆపి నాలుగు ఇండికేటర్లూ వేయండి. వెనక మనిషి లేకుండా ఒక్క అడుగు కూడా రివర్స్ పోవద్దు. పోలీసులకు ఫోన్ చేసి వెనక ట్రాఫిక్ ఆపించుకోవడం తప్పేమీ కాదు. రైలు బ్రిడ్జికి బండి తగిలితే, చిన్న గీతే కదా అని వెళ్లిపోవద్దు. పైన రైళ్లు నడుస్తుంటాయి. బ్రిడ్జి మీద ఫోన్ నంబరు పలక ఉంటే ఆ నంబరుకు, లేకపోతే పోలీసులకు వెంటనే చెప్పాలి.

దారిలో మ్యాపులో లేని బ్రిడ్జి ఎత్తు కనబడితే, బండి ఆపాక ఎక్కించండి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని జనమే కలిసి తయారుచేసే మ్యాపు ఉంది, అందులో ఎవరైనా ఎక్కించవచ్చు, దాన్ని వాడుకునే యాప్‌లు చాలా ఉన్నాయి. నన్ను రివర్సులో నడిపించిన ఆ బ్రిడ్జి ఎత్తును నేనే ఎక్కించాను. బోర్డు మీద ఏ అంకె ఉంటే అదే వేయండి, మీ అంచనా కలపొద్దు. 10 సెంటీమీటర్లు కలిపేది మన బండి కొలతకే.