అల్జీమర్స్ ఉన్నవాళ్లు నొప్పి చెప్పలేకపోతే మనం ఎలా కనిపెట్టాలి

మా అమ్మ రెండ్రోజులు ముద్ద నోట్లో పెట్టగానే ఉమ్మేసింది, చెయ్యి తోసేసింది, తిట్టింది కూడా. జబ్బు ముదిరింది అనుకున్నాం, నిద్రమాత్ర రాయించుకుందాం అని కూడా అనుకున్నాం. మూడో రోజు టార్చి వేసి నోట్లో చూస్తే కట్టుడు పళ్ల కింద చిగురు మీద ఎర్రగా పుండు! పళ్ల సెట్టు తీసేసి మెత్తగా కలిపి పెడితే గిన్నె మొత్తం తినేసింది. ఎంత ఏడుపొచ్చిందో.

అందుకే చెప్తున్నా, మనిషి తీరు ఉన్నట్టుండి మారితే ముందు నొప్పి వెతకండి. ఈ జబ్బులో నొప్పి పోదు, చెప్పుకునే దారి పోతుంది అంతే. 2000లో వచ్చిన ఒక అమెరికా స్టడీలో తుంటి ఎముక విరిగినవాళ్లని చూస్తే, డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బు) బాగా ముదిరినవాళ్లకి అందిన మార్ఫిన్ రకం మందు మిగతావాళ్లకి అందినదాంట్లో మూడో వంతే. విరిగిన ఎముక ఇద్దరికీ ఒకటే కదా!

మొదట అడగండి, మాట కొంచెమైనా ఉంటే. రాత్రి నొప్పొచ్చిందా అంటే గుర్తుండదు, ఆ చోట చెయ్యి వేసి "ఇప్పుడు ఇక్కడ నొప్పా" అని అడిగి కాసేపు ఆగండి. నొప్పి అంటే లేదంటారు, సలుపుతోందా, గుంజుతోందా, మంటగా ఉందా అంటే ఒక్కోసారి అవునంటారు.

మాట లేకపోతే, మనిషిని చూసి నొప్పి కనిపెట్టడానికి పెయినాడ్ (PAINAD) అని ఒక స్కేల్ ఉంది, 2003 నుంచి వాడుతున్నారు. ఊపిరి, మూలుగు, మొహం, ఒళ్లు బిగపట్టడం, ఊరడిస్తే ఊరుకుంటున్నారా లేదా, ఈ ఐదింటికీ 0 నుంచి 2 దాకా మార్కులు, మొత్తం 10. కుర్చీలో కూర్చున్నప్పుడు మాత్రమే చూస్తే మోసపోతాం, పక్కకి తిప్పేటప్పుడు, స్నానం చేయించేటప్పుడు, చొక్కా చేతులు ఎక్కించేటప్పుడు చూడాలి, అప్పుడే మొహం ముడుచుకుంటుంది. ఎంత నొప్పో ఈ స్కేల్ కొలవదు, నొప్పి ఉండొచ్చని మాత్రం చెప్తుంది.

ఒంట్లో వెతకాల్సినవి: పళ్లు, చిగుళ్లు, మలబద్ధకం, మూత్రంలో మంట, మోకాళ్లు, భుజాలు, పిరుదుల దగ్గర ఒత్తుడు పుండ్లు, లోపలికి పెరిగిన కాలిగోళ్లు. మలబద్ధకాన్ని చాలామంది వదిలేస్తారు, దయచేసి వదలకండి.

ఇవన్నీ టైముతో సహా రాసి డాక్టరుకి చూపించండి. 2011లో నార్వేలో 18 నర్సింగ్ హోముల్లో 352 మంది మీద స్టడీ చేస్తే, మెట్లు మెట్లుగా నొప్పి మందులిచ్చిన గ్రూపులో 8 వారాలకి చిరాకు, అలజడి బాగా తగ్గాయి, అందులో ఎక్కువమందికి ఇచ్చింది మామూలు పారాసిటమాలే. అలాగని డోసు మీరే వేసెయ్యకండి, లివరు, బరువు, మిగతా మందులు చూసి డాక్టరే చెప్పాలి. నరాల నొప్పికి ఎమిట్రిప్టిలిన్ రాస్తే మాత్రం జబ్బు సంగతి గుర్తుచేసి ఇంకోటి ఉందా అని అడగండి, అది మతిని ఇంకా మందగింపజేస్తుంది, అల్జీమర్స్‌కి ఇచ్చే డోనెపెజిల్ అనే మందు చేసే పనికి అడ్డం పడుతుంది. మందు మొదలెట్టాక మళ్లీ అదే పనప్పుడు, అదే స్కేల్‌తో చూసి పక్కనే రాసుకోండి.

పడిపోయాక కాలు కింద పెట్టకపోయినా, మూత్రం ఆగిపోయినా, ఒక్క రోజులోనే మనిషి పూర్తిగా అయోమయం అయిపోయినా ఈ స్కేళ్లు గీళ్లు పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.